కాంటా పెట్టే ముందు జట్టు కట్టాలి

సంపాదకులకు నమస్కారం.

యాసంగి కోతలు దగ్గరికొచ్చాయి. పర్వతగిరి, వర్ధన్నపేట, నర్సంపేట, పరకాల, హుజూరాబాద్ వైపు ఏ ఊరికి వెళ్లినా కల్లాలు చదును చేస్తున్నారు, పరదాలు బయటికి తీస్తున్నారు. ఇంకో నెలలో మీ పత్రికలోనే ఏటా వచ్చే వార్తలు మళ్లీ వస్తాయి: వడ్లు తెచ్చి ఇరవై రోజులైనా కాంటా కాలేదని, లారీలు రావడం లేదని, మిల్లులో తూకంలో కోత పెట్టారని. ఆ వార్తల్లో అబద్ధమేమీ లేదు. కానీ వాటిలో కారణాలుగా కనిపించేవి వాన, లారీ, మిల్లు, గన్నీ సంచులు మాత్రమే. మహిళా సంఘాల చేతిలో ఉన్న వడ్ల కొనుగోలు కేంద్రం నడిపే మనుషుల మధ్య పని ఎట్లా సాగుతున్నదన్న మాట ఎక్కడా రాదు. మహిళా సంఘాలకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఆ ఒక్క సంగతి గురించే ఈ లేఖ రాస్తున్నాం.

ఒకే మండలంలో, ఒకే వానలో, ఒకే మిల్లుకు వడ్లు పంపే రెండు కేంద్రాల్లో ఒకటి పన్నెండు రోజుల్లో ఖాళీ అవుతుంది, రెండోది నెలైనా కుప్పలతోనే ఉంటుంది. తేడా కష్టంలో లేదు. రెండుచోట్లా ఆడవాళ్లు పొద్దున ఆరింటికి వచ్చి రాత్రి తొమ్మిదింటికి ఇంటికి పోతారు. పని ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోయే చోట మొదటి కేంద్రంలో ఒక పద్ధతి ఉంటుంది, రెండో దాంట్లో ఉండదు. తేడా అంతా అక్కడే.

వడ్లు కల్లంలో పడ్డప్పటి నుంచి రైతు ఖాతాలో డబ్బు పడేదాకా చేతులు మారే చోట్లు ఏడు. కుప్ప నుంచి తేమ చూసే మనిషికి, అక్కడి నుంచి వరుస పుస్తకానికి, పుస్తకం నుంచి సంచులు ఇచ్చే మనిషికి, సంచుల నుంచి కాంటాకు, కాంటా నుంచి బస్తాలు పేర్చిన చోటుకు, అక్కడి నుంచి లారీకి, లారీ నుంచి మిల్లు మీదుగా ట్రక్ షీట్ (లారీ లోడు వివరాల కాగితం) రూపంలో మళ్లీ ట్యాబ్ ముందు కూర్చున్న మనిషికి. ఈ ఏడింటిలో ఎక్కడ ‘ఆమె చూసుకుంటుంది అనుకున్నా’ అన్న మాట వినబడితే ఆలస్యం అక్కడే పుడుతుంది.

ఈ ఆలస్యం రైతు జేబుకు ఎంత ఖర్చో ముందు చెప్పాలి, ఎందుకంటే జట్టు సరిగ్గా లేకపోవడాన్ని చాలామంది వట్టి చిరాకుగా మాత్రమే చూస్తారు. వడ్ల కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. అంటే 17 వచ్చిన రోజే కాంటా అయితే రైతుకు న్యాయం. అదే కుప్ప ఎండలో వారం కూర్చుని 14 శాతానికి దిగితే క్వింటాకు మూడున్నర కిలోల బరువు గాలిలో కలిసిపోతుంది. వంద క్వింటాళ్ల రైతుకు అది మూడున్నర క్వింటాళ్లు. 2025–26కు సాధారణ రకం మద్దతు ధర 2,369 రూపాయలు, ఏ గ్రేడ్‌కు 2,389. ఆ లెక్కన ఎనిమిది వేల పైచిలుకు. ఎవరూ కోత పెట్టలేదు, ఎవరూ మోసం చేయలేదు. కేంద్రంలో ఒకరి పని ఇంకొకరికి సమయానికి అందలేదు, అంతే. కూలీ దొరక్క పగలూ రాత్రీ కుప్ప దగ్గరే కాపలా పడుకునే మనిషికి ఇది చిన్న నష్టం కాదు.

జట్టు ఎంత మంది అన్నది మొదటి ప్రశ్న. ఊళ్లో ఒత్తిడి ఎక్కువ. ఊరి మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘంలో అందరికీ చోటు ఉండాలని పన్నెండు మందిని పెడతారు. మంచి ఉద్దేశమే, కానీ పని చెడేది ఇక్కడే. ఐదుగురు ఉంటే వాళ్ల మధ్య మాట నడవాల్సిన దారులు పది. పన్నెండు మందైతే అరవై ఆరు. అన్ని దారుల్లో మాట సరిగ్గా పోదు, సగం మందికి సగం తెలుస్తుంది. నిర్ణయం చేసే జట్టు ఐదుగురే ఉండాలి: కేంద్రం ఇన్‌చార్జి, తేమ చూసే మనిషి, వరుస పుస్తకంతో పాటు గన్నీ సంచుల లెక్క చూసే మనిషి, కాంటా దగ్గర రాసే మనిషి, ట్యాబ్‌లో నమోదు చేసే మనిషి. మిగతా వాళ్లు వంతులవారీగా సాయం రావాలి, కూలీ వాళ్లకూ అందాలి. కానీ ఎవరిని అడగాలి అన్న ప్రశ్నకు ఎప్పుడూ ఒకే జవాబు ఉండాలి.

మన చెరువుల కింద ఈ బుద్ధి ఎప్పటి నుంచో ఉంది. పాకాల చెరువు కిందైనా, ఊరి చిన్న కుంట కిందైనా తూము తీసే పని నీరటిదే. పొలం ఎండుతుంటే ఎంత పెద్ద రైతైనా నీరటిని అడగాలే తప్ప తనే వెళ్లి తూము ముట్టకూడదు. కేంద్రంలో తేమ యంత్రమూ, వరుస పుస్తకమూ అట్లాంటి తూములే. ఇన్‌చార్జి అయినా సరే తేమ చూసే మనిషి చేతిలో నుంచి యంత్రం లాక్కుని ‘పర్వాలేదు రాసెయ్’ అనకూడదు. ఒక్కసారి అట్లా జరిగితే ఆ సీజనంతా ఆ మనిషి మాటకు విలువ పోతుంది.

అయితే ఒక్కరి మీదే పని ఆగిపోకూడదు. ప్రతి ముఖ్యమైన పనికీ ఒక జోడీ ఉండాలి. తేమ చూసే మనిషికి జ్వరం వస్తే ఆమె జోడీకి యంత్రం వాడటం అప్పటికే వచ్చి ఉండాలి. దానికి సీజన్ మధ్యలో సమయం దొరకదు. కేంద్రం తెరిచే ముందు రోజు రెండు గంటలు చాలు. ఇద్దరూ ఒకే కుప్ప నుంచి వేర్వేరుగా వడ్లు తీసి చూడాలి. అర శాతం కన్నా ఎక్కువ తేడా వస్తే వడ్లు తీసిన తీరులోనో, గిన్నె నింపిన తీరులోనో తేడా ఉన్నట్టే. కుప్ప పైన ఎండిన గింజలు మాత్రమే తీస్తే 16 చూపిస్తుంది, లోపల చేయి పెట్టి తీస్తే 19 ఉంటుంది. కనీసం ఐదు చోట్ల, పైన, నడుమ, అడుగున తీసి కలపాలి. మండుటెండలో పరిచిన వడ్లు వేడి మీద ఉండగానే కొలిస్తే యంత్రం తప్పు చూపిస్తుంది, నీడలో కాసేపు చల్లారనివ్వాలి. గిన్నెలో దుమ్ము, తాలు మిగిలినా, బ్యాటరీ తగ్గినా అంతే. ఇదంతా ఇద్దరూ ఒకేలా నేర్చుకోకపోతే రైతు ఇద్దరిలో తనకు అనుకూలంగా చెప్పే మనిషి వంతు వచ్చేదాకా ఆగుతాడు, ఆ ఇద్దరి మధ్య తగువు మొదలవుతుంది.

ఇంకో కష్టం ఉంది, బయటివాళ్లకు అర్థం కాదు. తేమ చూసే ఆమె ‘ఇంకా మ్యాచర్ (కొనడానికి సరిపడా తేమ) రాలేదు’ అని చెప్పాల్సింది ఎవరికి? సొంత మేనమామకు, పాలివాళ్లకు, నిన్నటిదాకా సర్పంచ్‌గా ఉన్న పెద్దమనిషికి. ‘ఏంది బిడ్డా, నాకే చెప్తున్నవా’ అని ఆయన అంటే ఆమె నోరు పెగలదు. ఆమె ధైర్యం మీద వదిలేయడం జట్టు లక్షణం కాదు. యంత్రం అంకె రైతు వైపు తిప్పి పెట్టాలి, అంకెను గట్టిగా చదవాలి, రెండో మనిషి పుస్తకంలో రాయాలి. బంధువుల కుప్పను ఎప్పుడూ జోడీనే కొలవాలి. ఈ నియమం మొదటి రోజే అందరి ముందు చదివి బోర్డు మీద రాస్తే ‘నేను కాదు మామా, కేంద్రం పద్ధతి’ అని చెప్పే వీలు ఆమెకు దొరుకుతుంది.

వరుస గురించి తగువులు రాని కేంద్రం లేదు. వడ్లు తెచ్చిన తేదీ ప్రకారమే వరుస పెడితే పచ్చి కుప్ప ముందు ఉండి ఎండిన కుప్పలన్నీ వెనక ఆగుతాయి. తేమ వచ్చిన తేదీ ప్రకారం పెడితే పరదాలు, కూలీలు ఉన్న పెద్ద రైతు త్వరగా ఆరబెట్టి ముందుకు పోతాడు, ఎకరంన్నర రైతు చివర మిగులుతాడు. రెండూ కలిపిన పద్ధతి ఒకటి బాగా నడుస్తుంది. కుప్ప వచ్చిన రోజే నంబరు ఇవ్వాలి. రోజూ సాయంత్రం తేమ వచ్చిన కుప్పలన్నిటినీ వేరే తీసి, వాటిలో నంబరు చిన్నది ముందుగా మర్నాటి జాబితా రాయాలి. జాబితా రాత్రికే గోడ మీద ఉండాలి, వాట్సాప్‌లో కూడా పోవాలి. పది బస్తాల చిన్న కుప్పల దగ్గరికి కాంటా మార్చడం ముఠాకు, అంటే హమాలీల గుంపుకు, ఇష్టం ఉండదు, అందుకని వాటిని పక్కపక్కన పోయించుకుని పొద్దున్నే వరుసగా తూయించాలి. లేకపోతే చిన్నవాళ్లు ఎప్పుడూ ‘రేపు’ అన్న మాట దగ్గరే ఆగిపోతారు.

మర్నాటి జాబితాలో ఎన్ని కుప్పలు రాయాలి? ఇక్కడ చాలా కేంద్రాలు మొహమాటానికి పోయి తప్పుచేస్తాయి. ఒక కాంటా మీద గంటకు యాభై బస్తాలు అనుకుందాం. ఏడు గంటల పనికి మూడు వందల యాభై, అంటే 140 క్వింటాళ్లు. అవతల ఒక కోత మిషన్ రోజుకు ఎనిమిదెకరాలు కోసి, ఎకరానికి 24 క్వింటాళ్లు వస్తే 192 క్వింటాళ్లు, 480 బస్తాలు. ఊళ్లో మూడు మిషన్లు తిరిగితే రోజుకు పద్నాలుగు వందల నలభై బస్తాలు కల్లంలో పడతాయి. ఒక్క కాంటాతో ఆ ఊరి కేంద్రం ఎంత కష్టపడ్డా సరే, మొదటి రోజే వెనకబడుతుంది, రోజురోజుకూ వెనకబడుతూనే ఉంటుంది. ఈ లెక్క ఇన్‌చార్జి చేతిలో సీజన్‌కు ముందే ఉండాలి. అది ఉంటే రెండో, మూడో కాంటా, ఇంకో ముఠా కావాలని అధికారులను గట్టిగా అడగగలదు. కోతలను వాడవారీగా రెండు రోజులు ముందూ వెనకా చేసుకొమ్మని రైతులకు చెప్పగలదు. మిషన్ వాళ్లతో మాట్లాడే పని ఏఈవోది (వ్యవసాయ విస్తరణ అధికారిది), ఆయనను ఈ జట్టులో మనిషిగానే చూడాలి, పైనుంచి వచ్చి సంతకం పెట్టే మనిషిగా కాదు.

కాంటా పని నిదానమైతే మామూలుగా చేసేది మనుషుల్ని పెంచడం. పదిహేను మంది ఒకే కుప్ప చుట్టూ నిలబడితే పని రెట్టింపు అవుతుందని అనుకుంటారు, కాదు. ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మన్ మనుషుల చేత బరువులు లాగించి బలం కొలిచి, 1913లో ఆ ఫలితాలు అచ్చువేశాడు. గుంపు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గుతూ పోయింది, ఎనిమిది మంది కలిసినప్పుడు ఒక్కొక్కరి వాటా ఒంటరిగా లాగినదాంట్లో సగానికి వచ్చింది. దీంట్లో కొంత, అందరూ ఒకే క్షణాన లాగకపోవడం వల్ల. ఇంకొంత, గుంపులో నా వంతు ఎవరికి కనిపిస్తుందిలే అన్న భావం వల్ల. కల్లంలో రెండూ కళ్లకు కనిపిస్తాయి.

అందుకని పదహారు మందిని రెండు జట్లు చేసి, ఒక్కో జట్టుకు సొంత కాంటా ఇవ్వాలి. గంపలతో నింపేవాళ్లు ఇద్దరు, సంచి మూతి పట్టేవాళ్లు ఒకరు, కాంటా మీద హెచ్చుతగ్గులు సరిచేసేవాళ్లు ఒకరు, దబ్బనం సుతిలితో కుట్టేవాళ్లు ఇద్దరు, మోసి పేర్చేవాళ్లు ఇద్దరు. ఏ జట్టు ఎన్ని బస్తాలు చేసిందో పలక మీద గంటగంటకూ రాయాలి. పోటీ కోసం కాదు, ఎక్కడ ఆగుతున్నదో తెలియడానికి. నిండిన సంచులు కుట్టేవాళ్ల ముందు పేరుకుంటే కుట్టేవాళ్లు తక్కువైనట్టు. కుట్టేవాళ్లు ఖాళీగా కూర్చుంటే నింపే దగ్గర జాప్యం. మనుషుల్ని పెంచే ముందు ఒకరిని అటు నుంచి ఇటు మార్చి చూడాలి. మోసేవాళ్లను, నింపేవాళ్లను గంటన్నరకోసారి మార్చుకోవాలి, 40 కిలోల బస్తా పొద్దంతా ఒకే వీపు మీద పోతే మధ్యాహ్నం మూడింటికల్లా ఆ ముఠా సగం ముఠానే.

తూకం దగ్గర జట్టు అంటే ముగ్గురి చెవులు. కాంటా దగ్గరి మనిషి అంకె గట్టిగా చెప్పాలి, రాసే మనిషి అదే అంకె తిరిగి చెప్తూ రాయాలి, రైతు వినాలి. వడ్లు 40 కిలోలు, గోనె సంచి బరువు సుమారు 600 గ్రాములు, కాంటా మీద 40.600 రావాలి. సంచికి ఒక కిలో ఎక్కువ పోతే వంద సంచులకు క్వింటా, అంటే మద్దతు ధర మొత్తం ఒక క్వింటాది రైతుకు పోయినట్టే. తడిసిన సంచి ఇంకా ఎక్కువ బరువు ఉంటుంది, దాన్ని పక్కన పెట్టాలి. కాంటా కింద చెక్క వేసి నేల చదును చేయాలి, ముద్ర ఉన్న 20 కిలోల రాయి పెట్టి పొద్దున, మధ్యాహ్నం, జాగా మార్చిన ప్రతిసారీ సరిచూడాలి. ఇరవై అయిదు బస్తాలకోసారి రాసే మనిషి లెక్క, కుట్టే మనిషి లెక్క కలపాలి. తేడా వస్తే ఆ ఇరవై అయిదింటిలోనే వెతికితే సరిపోతుంది. సాయంత్రం ఆరు వందల బస్తాల దగ్గర తేడా బయటపడితే అప్పుడు దొరికేది తప్పు కాదు, తిట్టుకోవడానికి ఒక మనిషి.

గన్నీ సంచుల గురించి క్లుప్తంగా. కొత్తవి బేలుకు 500 ఉంటాయి. వచ్చినవి, నిండినవి, చిరిగినవి, రైతు దగ్గర ఉన్నవి, మిగిలినవి, ఈ ఐదు అంకెలు రోజూ సాయంత్రం కలవాలి. రేపటికి సంచులు లేవన్న సంగతి రేపు పొద్దున తెలిసే కేంద్రంలో ఎవరో ఒకరు ఈ లెక్క మూడు రోజులుగా రాయలేదన్నమాట.

ఇక లారీ. ‘లారీ పంపుతున్నాం’ అన్న ఫోను వస్తుంది. ఎవరు ఎత్తారో తెలియదు, ఏ లారీనో తెలియదు, ముఠా అన్నానికి పోయి ఉంటుంది. లేదా లారీ కోసం ముఠాను ఆపి, కాంటా మానేసి పొద్దుగూకేదాకా చూస్తారు, అది రాదు. ఈ విషయంలో మన కాజీపేట రైల్వేవాళ్ల దగ్గర నేర్చుకోవలసింది ఉంది. గేటు మూశావా అని స్టేషన్ మాస్టర్ అడిగితే గేట్‌మన్ ‘ఊఁ’ అంటే సరిపోదు. తన దగ్గరున్న ప్రైవేట్ నంబరు చెప్పాలి, అక్కడ అది రాసుకోవాలి. విన్నాను, చేశాను, బాధ్యత నాది అని ఆ అంకె సాక్ష్యం. కేంద్రానికీ లారీ కాంట్రాక్టరుకూ మధ్య ఇంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. ఒకే ఫోను, ఒకే మనిషి. లారీ నంబరులో చివరి నాలుగు అంకెలు, బయలుదేరిన వేళ, ఎన్ని బస్తాలు ఎక్కాలి, ఈ మూడూ అవతలివాళ్లు చెప్పాలి, ఇవతలివాళ్లు తిరిగి చదివి వినిపించి పుస్తకంలో రాయాలి. ఆరు వందల బస్తాలంటే 24 టన్నులు, అంత సిద్ధంగా లేకపోతే అప్పుడే చెప్పాలి. సగం లోడుకు వచ్చి లారీ గంటల తరబడి నిలబడితే మర్నాడు ఆ డ్రైవరు మీ ఊరికి రానంటాడు, తప్పు ఆయనది కాదు.

మిల్లు దగ్గర గొడవ వేరే రకం. బండి దింపకముందే ‘తేమ ఎక్కువుంది, తాలుంది, బస్తాకు కిలో తీస్తం’ అని కబురొస్తుంది. డ్రైవరు ఇన్‌చార్జికి, ఇంకొకరు రైతుకు, రైతు కొడుకు సంఘం అధ్యక్షురాలికి ఫోన్ చేస్తారు. నలుగురు నాలుగు మాటలు చెప్తారు, అందులో మెత్తని మాటనే మిల్లు పట్టుకుంటుంది. కోత విషయంలో మిల్లుతో మాట్లాడే గొంతు కేంద్రం నుంచి ఒక్కటే ఉండాలి, మిగతావాళ్లు ‘ఇన్‌చార్జితో మాట్లాడండి’ అనే మాట దాటి ఒక్క ముక్క అనకూడదు. ఆమె చేతిలో ఆధారం ఉండాలి. ప్రతి రైతు వడ్లు అరకిలో తీసి మందపాటి ప్లాస్టిక్ కవర్లో గాలి పోకుండా కట్టి, నంబరు, తేదీ, తేమ రాసి, లారీ దిగేదాకా దాచాలి. రాళ్లు, మట్టి 1 శాతం, చెత్తా తాలూ 1 శాతం, పక్వానికి రాని, ముడుచుకున్న గింజలు 3 శాతం లోపు ఉండాలని నాణ్యత ప్రమాణాల్లో ఉంది. అంకెలు తెలిసి, ఆ కవరు చేతిలో ఉండి మాట్లాడే మనిషికీ, బతిమాలే మనిషికీ చాలా తేడా. అయినా వినకపోతే విషయం మండల అధికారుల దగ్గరికి పోవాలి తప్ప ఫోన్లో బేరం కుదరకూడదు. అట్లాగే తాలు, చెత్త తీసే ప్యాడీ క్లీనర్ పట్టకుండా కాంటా చేసిన కుప్ప ఉంటే ఆ తప్పు కేంద్రానిదే, దాన్ని మిల్లు మీదికి నెట్టడం సరికాదు.

ట్యాబ్ నమోదులో ఆగే డబ్బు ఎక్కువగా చిన్న పొరపాట్ల వల్లే. ఖాతా నంబరులో ఒక అంకె, పట్టా ఒకరిది సాగు ఒకరిది, ఓటీపీ వచ్చే ఫోను హైదరాబాద్‌లో ఉన్న కొడుకు దగ్గర. ఇవి కాంటా అయ్యాక చూసేవి కావు. నంబరు ఇచ్చిన రోజే కాగితాలు చూసుకోవాలి, కౌలు రైతు అయితే ఏఈవో దగ్గర కాగితం అప్పుడే తెప్పించాలి, ఖాతా చివరి నాలుగు అంకెలు రైతు నోటితో చెప్పించి కలుపుకోవాలి. మిల్లు నుంచి తిరిగిరాని ట్రక్ షీట్లను వేరే తాడుకు గుచ్చి అందరికీ కనిపించేలా వేలాడదీయాలి, ఫైల్లో పెడితే మరిచిపోతారు.

గాలిదుమారం వచ్చే నెలలు ఏప్రిల్, మే. మబ్బు పట్టాక ఎవరు ఏ పరదా లాగాలో ఆలోచించే వ్యవధి ఉండదు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వరంగల్, హనుమకొండల మీద ఎట్లా కురిసిందో ఇక్కడ ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు. పరదాలకు నంబర్లు వేసి, ఏ పరదా ఏ వరుసకో, ఏ ఇద్దరు లాగాలో ముందే రాసి పెట్టాలి, సీజన్ మొదట్లో ఒకసారి ఇరవై నిమిషాలు అందరూ కలిసి చేసి చూడాలి. కుట్టిన బస్తాలు ముందు కప్పాలి, ఎందుకంటే తడిసిన బస్తాను విప్పి మళ్లీ ఆరబోయడం పెద్ద పని. తర్వాత ఎండిన కుప్పలు, చివర పచ్చివి. అంచుల మీద ఇసుక సంచులు, చుట్టూ చిన్న కాలువ. వాన వెలిసిన వెంటనే పరదాలు తీయడం కూడా ఎవరి పనో రాసి ఉండాలి. చాలా కేంద్రాలు కప్పడానికి పరుగెత్తుతాయి, తీయడం మరిచిపోతాయి. తడి వడ్లు మూసి ఉంచితే వేడెక్కి రెండు మూడు రోజుల్లో మొలక చూపిస్తాయి.

వీటన్నిటినీ కలిపి నిలబెట్టేది సాయంత్రం పావుగంట. పొదుపు సంఘాల పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశం, చివరిది పుస్తకాల నిర్వహణ. మన ఆడవాళ్లకు ఈ అలవాటు ఏళ్లుగా ఉంది, విచిత్రంగా వడ్ల కేంద్రంలోనే వదిలేస్తారు, అలిసిపోతారు కాబట్టి. కాంటా ఆపిన చోటే నిలబడి మాట్లాడుకోవచ్చు. సంచులు ఎన్ని మిగిలాయి, మర్నాటి కుప్పలు ఏవి, లారీ మాట ఏమైంది, రాని ట్రక్ షీట్లు ఎన్ని, ఇంతే లెక్క. ఆ తర్వాత ప్రతి ఒక్కరూ ఈ రోజు తనకు ఎక్కడ అడ్డం వచ్చిందో ఒక్క మాట చెప్పాలి. అందరికన్నా చిన్నది, కొత్తగా వచ్చిన అమ్మాయి ముందు మాట్లాడాలి, ఇన్‌చార్జి చివర. ఇన్‌చార్జి ముందే ‘ఈ రోజు బాగానే నడిచింది’ అనేస్తే ఆ తర్వాత ఎవరూ వేరే మాట చెప్పరు. ముఠా మేస్త్రి ఆ పావుగంటలో ఉండి తీరాలి. హమాలీలను బయటివాళ్లుగా చూసే కేంద్రంలో, వాళ్ల కూలీ రేటు, ఇచ్చే రోజు బోర్డు మీద రాయని కేంద్రంలో పని సీజన్ నడుమ ఆగుతుంది. ఎప్పుడూ నడుమనే, చేతిలో కుప్పలు ఎక్కువున్న రోజునే.

ఒక ఒప్పందం మాత్రం మొదటి రోజే రాసుకోవాలి. ఏ పొరపాటైనా ఆ రోజు సాయంత్రంలోగా తనంతట తాను చెప్పినవాళ్ల మీద డబ్బు కోత ఉండదు, రైతుల ముందు మాట అనడం ఉండదు. దాచినట్టు తర్వాత తెలిస్తే మాత్రం ఊరుకోరు. ‘అక్కా, పొద్దున రెండు బస్తాలు ఆ రైతు పేరు మీద రాసిన, తప్పయింది’ అని ఒక చెల్లెలు సాయంత్రం చెప్పగలిగితే గీత కొట్టి సరిచేసుకోవచ్చు. భయపడి చెప్పకపోతే ఆ రెండు బస్తాలు ట్రక్ షీట్‌లోకి, అక్కడి నుంచి ట్యాబ్‌లోకి, అక్కడి నుంచి ఇద్దరు రైతుల పంచాయితీలోకి పోతాయి. తెలివైన, చదువుకున్న అమ్మాయిలు ఒక సీజన్ చేసి మళ్లీ రామని వెళ్లిపోవడానికి ఎక్కువసార్లు కారణం పని భారం కాదు, పదిమందిలో పడ్డ మాట. ఆ అమ్మాయిలను పోగొట్టుకోవడం మాకు చాలా బాధగా ఉంటుంది.

మీ పత్రిక ద్వారా జిల్లా అధికారులను మేం కోరేవి ఇవి. కేంద్రాల సిబ్బందికి ఇచ్చే శిక్షణలో తేమ యంత్రం, ట్యాబ్ నేర్పించి పంపేస్తున్నారు. దాన్ని ఇంకో పూట పొడిగించి, ఆ పూట ఒక్కో కేంద్రం ఐదుగురినీ, వాళ్ల ముఠా మేస్త్రినీ, ఏఈవోనూ, లారీ కాంట్రాక్టరు మనిషినీ, వడ్లు దించుకునే మిల్లు గుమాస్తానూ ఒకే గదిలో కూర్చోబెట్టాలి. ఏడు చేతులు మారే చోట్లకూ ఎవరు ఇస్తారు, ఎవరు తీసుకుంటారు, ఏం రాస్తారు అన్నది వాళ్ల చేతనే ఒక కాగితం మీద రాయించి సంతకాలు తీసుకోవాలి. ఆ కాగితం ఫోన్ నంబర్లతో కేంద్రం బోర్డు మీద ఉండాలి. మూడు మిషన్లు తిరిగే ఊరికి ఒక్క కాంటా ఇచ్చి, ఆలస్యానికి ఆ ఐదుగురు ఆడవాళ్లను నిలదీయడం మానుకోవాలి. సీజన్‌లో ఒకసారైనా పర్యవేక్షణకు వచ్చే అధికారి సాయంత్రం ఆరింటికి రావాలి, పొద్దున పదకొండుకు కాదు. ఆ పావుగంట నిలబడి వింటే ఆ కేంద్రం ఎట్లా నడుస్తున్నదో రిజిస్టర్లు తిరగేయకముందే తెలిసిపోతుంది. కోతలు మొదలు కావడానికి ఇంకా కొద్ది రోజులుంది, ఈ ఒక్క పూట శిక్షణ ఈ యాసంగికే పెట్టడానికి వ్యవధి సరిపోతుంది.

ఇట్లు,
మహిళా సంఘాలకు శిక్షణ ఇచ్చే కొందరు కార్యకర్తలు,
వరంగల్ జిల్లా